తోనెత్ మునిమనుమడు



మీ తాతగారి పేరు మీకు తెలుసు. ముత్తాతగారి పేరు అడిగితే చాలామంది కాస్త ఆగి ఇంట్లో పెద్దవాళ్ల వైపు చూస్తారు. పెద్దవాళ్లకూ గుర్తు లేకపోతే విచారణ గురువు దగ్గరకు వస్తారు. ఆయన బీరువా తెరిచి పాత జ్ఞానస్నానాల పుస్తకం తీస్తాడు. బిడ్డ పేరు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు పుస్తకంలో రాసి ఉంచాలని 1563లో ట్రెంట్ మహాసభ శ్రీసభ అంతటికీ ఆజ్ఞ ఇచ్చింది. ఆ చిన్న ఆజ్ఞ విలువ మనకు అంతగా తెలియదు. వంశం పేరు చెప్పుకునే హక్కే లేని మనుషుల మధ్య పుట్టినవాడికి అది తెలుస్తుంది. అటువంటివాడు పూజనీయ పియేర్ తూసాన్.

కరీబియన్ సముద్రంలో హిస్పనియోలా అనే దీవి ఉంది. దాని పడమటి భాగం 1697లో ఫ్రాన్సు చేతికి వచ్చింది. ఫ్రెంచివారు దానిని సాన్ దొమింగ్ అన్నారు, ఇప్పుడది హైతీ. పంచదార, కాఫీ, నీలిమందు అక్కడినుండి ఓడల కొద్దీ ఐరోపాకు వెళ్లేవి. 1789 నాటికి ఆ వలసరాజ్యంలో తెల్లవారు సుమారు 30 వేలమంది, స్వేచ్ఛ ఉన్న నల్లవారూ మిశ్రమ సంతతివారూ దాదాపు అంతేమంది, బానిసలు దగ్గర దగ్గర 5 లక్షలమంది. ఆ బానిసల్లో సగానికి పైగా ఆఫ్రికాలో పుట్టినవారే. దీని అర్థం ఏమిటో ఆలోచించండి. అక్కడ మనుషులు పిల్లల్ని కని పెంచేటంత కాలం బతకలేదు. చచ్చినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లను ఓడలమీద తెచ్చి నింపేవారు. అటువంటి చోట నాలుగు తరాల వంశవృక్షం దొరకడమే అరుదు.

తూసాన్‌కు నాలుగు తరాలు దొరికాయి. సాన్ మార్క్ రేవు పట్టణానికి దగ్గరలో, ఆర్తిబొనీత్ నది ప్రాంతంలో, బెరార్ అనే ఫ్రెంచి కుటుంబానికి భూములుండేవి. ఆఫ్రికాలో పుట్టి, అమ్ముడుపోయి, ఓడలో ఆ దీవికి వచ్చిన ఒక స్త్రీని అక్కడ తోనెత్ అని పిలిచారు. అది ఫ్రెంచి పేరు, అంటువానెత్ అనే పేరుకు ముద్దుపేరు. ఆమె కన్నతల్లి పెట్టిన పేరు ఏ కాగితం మీదా లేదు. తోనెత్ కూతురు జెనోబ్. బెరార్ దొరగారి పిల్లలను చదువుకోసం పారిస్ చేర్చే పనిని జెనోబ్‌కే అప్పగించారు. రెండుసార్లు సముద్రం దాటి వెళ్లి, రెండుసార్లూ తిరిగి వచ్చింది. ఆ సేవకు మెచ్చి తరువాత ఆమెకు స్వేచ్ఛ ఇచ్చారు. జెనోబ్ కూతురు ఉర్సుల్, దొరసాని గదిలో దాసి. ఉర్సుల్ కొడుకు మన పియేర్ తూసాన్. దొరగారి కూతురు ఒరోర్ అతనికి జ్ఞానతల్లి.

మరి తండ్రి? పేరు లేదు. ఇది ఎవరో మరచిపోవడం వల్ల జరిగింది కాదు. 1685లో ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ జారీ చేసిన ‘నల్లవారి చట్టం’ ప్రకారం తల్లి బానిస అయితే తండ్రి ఎవరైనా సరే బిడ్డ బానిసే. యజమానికి తెలియవలసింది తల్లి ఒక్కతే. ఆవు ఎవరిదో తెలిస్తే దూడ ఎవరిదో తెలిసినట్లు. వయసు సంగతీ అంతే. తూసాన్ 1766లో పుట్టాడని పాత గ్రంథాలు చెబుతాయి. 1781 అని తరువాతి పరిశోధకుల్లో కొందరి లెక్క. మధ్యలో పదిహేనేళ్ల తేడా!

ఈనాడు తమ పూర్వికులను వెదుక్కునే హైతీవారు ఏ కాగితాలు తిరగేయాలో చూడండి. ఆస్తి పంచుకునేటప్పుడు నోటరీలు రాసిన జాబితాలు: అందులో పశువులు, పనిముట్లతోపాటు బానిసల పేర్లు, ఇంచుమించు వయసు, ఆఫ్రికాలో ఏ జాతి, ఎంత ధర. పారిపోయినవారికోసం అక్కడి ఫ్రెంచి పత్రికలో వేసిన ప్రకటనలు: అందులో ఒంటిమీద కాల్చి వేసిన యజమాని ముద్రలు. 1804లో హైతీ స్వతంత్రమయింది. 1825లో ఫ్రాన్సు యుద్ధనౌకలు పంపి 15 కోట్ల ఫ్రాంకుల పరిహారం అడిగింది. 1838లో దానిని 9 కోట్లకు తగ్గించింది. ఎవరికి పరిహారం? భూములు పోయిన యజమానులకు! ఆ చెల్లింపుల లెక్కలను సంపుటాలుగా అచ్చువేశారు. వాటిలో యజమానుల పేర్లు, వారసుల పేర్లు, తోటల పేర్లు ఉన్నాయి. బానిసల పేర్లు లేవు. అయినా మనవలు ముందు వెదకవలసింది ఆ యజమాని పేరునే. వాడు దొరికితేనే తాత దొరుకుతాడు.

ఇక్కడ మన శ్రీసభ వాటా కూడా చెప్పుకోవాలి, దాచి ప్రయోజనం లేదు. ఆ చట్టమే బానిసలందరికీ కథోలిక జ్ఞానస్నానం ఇప్పించాలని యజమానులను ఆజ్ఞాపించింది. అంటే ఒక మనిషిని దేవుని బిడ్డగా పుస్తకంలో రాశారు, అదే మనిషిని మరో పుస్తకంలో సరుకుగా రాశారు, రెండు పుస్తకాలూ ఒకే ఊళ్లో ఉన్నాయి. సాన్ దొమింగ్‌లో సన్యాస సభలకు కూడా తోటలూ బానిసలూ ఉండేవి. బానిస వ్యాపారాన్ని గట్టిగా ఖండిస్తూ పదహారవ గ్రెగరీ పోపుగారు లేఖ రాసేసరికి 1839 వచ్చింది. ఎందుకింత ఆలస్యమని మీరు అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పగలిగిన గురువు నాకు తెలిసి లేడు.

పాత లెక్క ప్రకారం 1787లో జాన్ బెరార్ భార్యతో న్యూయార్క్ వచ్చాడు. వెంట తెచ్చిన బానిసల్లో తూసాన్, అతని చెల్లెలు రొజాలీ ఉన్నారు. తల్లి, అమ్మమ్మ దీవిలోనే ఉండిపోయారు. తూసాన్ మళ్లీ ఆ నేలమీద అడుగు పెట్టలేదు. యజమాని అతన్ని స్త్రీలకు జుట్టు అలంకరించే పనిలో పెట్టాడు. ఆ రోజుల్లో గొప్పింటి స్త్రీల తలకట్టు అంటే గంటలకొద్దీ పని, మంచి రాబడి. ఇంతలో దీవిలో పరిస్థితి చెడింది. బెరార్ తన ఆస్తి చక్కబెట్టుకోవడానికి వెళ్లి అక్కడే ఊపిరితిత్తుల వ్యాధితో చనిపోయాడు. 1791లో బానిసలు తిరగబడ్డారు; తోటలు తగలబడ్డాయి. న్యూయార్క్‌లో దాచిన డబ్బు కూడా ఆ వ్యాపార సంస్థ దివాలా తీయడంతో పోయింది. దొరసాని చేతిలో చిల్లిగవ్వ లేదు.

ఇప్పుడు ఇల్లు నడిపింది ఎవరు? తూసాన్. అప్పులవాళ్లు వస్తున్నారని దొరసాని కొన్ని నగలు ఇచ్చి అమ్ముకు రమ్మంది. కొన్నాళ్లకు అతను డబ్బూ తెచ్చి ఇచ్చాడు, నగలూ తిరిగి ఇచ్చాడు. డబ్బు అతని సొంత సంపాదన. తన స్వేచ్ఛ కొనుక్కోవడానికి కూడబెట్టుకోగలిగిన సొమ్ము అలా ఖర్చయింది. ఆమె మళ్లీ పెళ్లాడింది. ఆ ఇల్లు కూడా తూసాన్ సంపాదన మీదే నడిచింది. 1807లో మరణశయ్య మీద ఆమె అతనికి స్వేచ్ఛ పత్రం రాసిచ్చింది.

దీన్ని చదివి అమెరికాలోని నల్లజాతి కథోలికుల్లో కొందరు బాధపడ్డారు. యజమానికి వంగి ఉండడమే పుణ్యమని చెప్పడానికా ఇతన్ని పునీతుని చేయాలనుకుంటున్నారు అని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనది. నా మట్టుకు నాకు తోచేది ఇది. కొందరు పుట్టుకతోనే బానిసలని అరిస్టాటిల్ రాశాడు; సెమినరీలో తత్వశాస్త్రం చదివిన ప్రతివాడూ ఆ పేజీ దాటే వచ్చాడు. ఆ యింట్లో సంపాదించి పెట్టేది ఎవరు, ఒకరి మీద ఆధారపడి బతికేది ఎవరు అని చూస్తే ఆ మాటకు వేరే ఖండన అక్కరలేదు. అతను ఇచ్చింది భయంతో కాదు, అడిగేవాడు లేకపోయినా ఇచ్చాడు. అయినా ఆ స్వేచ్ఛ పత్రం ఇరవై ఏళ్లు ఆలస్యంగా వచ్చిందనేది కూడా నిజమే. దొరసాని మంచితనాన్ని మరీ పొగిడే పుస్తకాలు నాకు రుచించవు.

స్వేచ్ఛ వచ్చాక అతను మొదట చేసిన పని కుటుంబాన్ని కూర్చుకోవడం. చెల్లెలు రొజాలీకి స్వేచ్ఛ కొన్నాడు. అదే దీవినుండి వచ్చిన జూలియెట్ నొయెల్‌కు స్వేచ్ఛ కొని 1811లో ఆమెను వివాహమాడాడు. వాళ్లకు పిల్లలు కలగలేదు. రొజాలీని భర్త వదిలేశాడు, ఆమె క్షయతో పోయింది. ఆరు నెలలు నిండినా నిండని ఆమె కూతురు యూఫెమీని తూసాన్ దంపతులు తెచ్చుకున్నారు. బతకదన్న పిల్లను మేనమామ ఎత్తుకు తిప్పి బతికించుకున్నాడు. రాయడం వచ్చాక ప్రతి వారం ఆ పిల్ల తనకు ఒక ఉత్తరం రాయాలి, ఫ్రెంచిలోనూ ఇంగ్లీషులోనూ; ఒకే ఇంట్లో ఉంటూనే! యూఫెమీ 1829లో క్షయతోనే చనిపోయింది. పద్నాలుగేళ్లు. ఆ ఉత్తరాలను తూసాన్ పారేయలేదు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉన్న అతని కాగితాల్లో అవి ఇప్పటికీ ఉన్నాయి. ఎక్కడెక్కడికో చెదిరిపోయినవాళ్లు రాసిన ఉత్తరాలూ వాటిలో ఉన్నాయి. పారిస్‌లో ఉన్న జ్ఞానతల్లి ఒరోర్ ఆచూకీ తీసి రాశాడు. 1815లో ఆమెనుండి జవాబు వచ్చింది. దీవి తగలబడ్డాక దొరల కుటుంబం చిరునామా కూడా దాసి కొడుకు దగ్గరే దొరికేది.

మిగిలిన కథ మీరు ఊహించుకోగలరు. బార్‌క్లే వీధిలోని పునీత పేతురు దేవాలయంలో ఆరు దశాబ్దాలకు పైగా ప్రతి ఉదయం దివ్యబలి పూజ. పచ్చజ్వరం వచ్చి అందరూ పారిపోయిన వీధుల్లో రోగులకు సేవ. అనాథ పిల్లల ఆశ్రమానికి చందాలు, ఇంట్లో దిక్కులేని నల్లపిల్లలకు తిండి, పని నేర్పడం, మరికొందరు బానిసలకు స్వేచ్ఛ కొనడం. 1842లో పాత పునీత పాట్రిక్ దేవాలయం గుమ్మంలో అతన్ని రంగు చూసి వెనక్కు పంపారు. ఆ గుడి కట్టడానికి చందా ఇచ్చినవాళ్లలో అతనూ ఒకడు. దేవాలయ పెద్దలు తరువాత క్షమాపణ ఉత్తరం రాశారు.

జూలియెట్ 1851లో పోయింది. తూసాన్ 1853 జూన్ 30న కన్నుమూశాడు. మరుసటి సంవత్సరమే హన్నా లీ అనే కథోలిక కాని రచయిత్రి అతని జీవితచరిత్ర అచ్చువేయించింది. జెనోబ్, ఉర్సుల్ గురించి మనకు తెలిసిన దానిలో చాలాభాగం ఆ చిన్న పుస్తకం నిలిపిందే. 1996లో రెండవ జాన్ పాల్ పోపుగారు అతన్ని పూజనీయుడని ప్రకటించారు.

అంతకుముందే, 1990లో, అతని అవశేషాలను పాత దేవాలయపు సమాధుల తోటనుండి తీసి, కొత్త పునీత పాట్రిక్ ప్రధాన దేవాలయంలో పీఠం కింద, మేత్రాణుల సమాధుల పక్కన ఉంచారు. గురువు కాని మనిషికి ఆ చోటు దక్కడం అదే మొదటిసారి. పాత సమాధిలో అతను భార్య పక్కన, మేనకోడలి పక్కన పడుకుని ఉండేవాడు. వాళ్లిద్దరూ మాత్రం మాట్ వీధిలోనే, ఆ పాత తోటలోనే ఉండిపోయారు.