ఆగిరిపల్లి నుంచి రక్షణ శాఖ దాకా

ఏలూరు నుంచి నూజివీడు దాటి వెళ్తే ఆగిరిపల్లి వస్తుంది. శోభనాచల స్వామి కొండకి ఇంట్లోవాళ్లతో ఎన్నోసార్లు వెళ్లాను. సూరి భగవంతం గారు 1909లో ఆ ఊళ్లోనే పుట్టారని మాత్రం మొన్నటిదాకా నాకు తెలీదు.

నిజాం కాలేజీలో డిగ్రీ అయ్యాక 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర చేరారు. రామన్ ఎఫెక్ట్ బయటపడిన ఏడాదే అది. తర్వాత వాల్తేరులో ఫిజిక్స్ ప్రొఫెసర్, ఉస్మానియాకి వైస్ ఛాన్సలర్, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి డైరెక్టర్ అయ్యారు. కాంతి, స్ఫటికాలు... ఆయన పరిశోధనంతా వీటి మీదే.

అలాంటాయన 1961లో రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు అయ్యారు. డీఆర్‌డీవో పుట్టి అప్పటికి మూడేళ్లే. మరుసటి ఏడాదే చైనాతో యుద్ధం, 1965లో పాకిస్తాన్‌తో. కృష్ణ మీనన్, చవాన్, స్వరణ్ సింగ్... మంత్రులు మారారు. ఆయన మాత్రం 1969 దాకా ఉన్నారు. 1989లో చనిపోయారు.

మన ప్రోగ్రామ్‌లో తప్పొస్తే సరిచేసి మళ్లీ రన్ చేస్తాం. అక్కడ ఇచ్చే సలహా తప్పితే ఆ బరువు సరిహద్దులో జవాను మీద పడుతుంది. ఇష్టమైన ల్యాబ్ పక్కనపెట్టి అలాంటి పని నేనైతే ఒప్పుకునేవాణ్ణా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నా.

ఈసారి కొండకి వెళ్తే, ఊళ్లో ఆయన ఇల్లెక్కడో అడుగుతాను.