పియెటా బాలికల వయొలిన్ గురువు

ఇటలీ దేశంలోని వెనిస్ నగరం సముద్రజలాల నడుమ వెలసింది. అక్కడ వీధులకు మారుగా కాలువలు, బండ్లకు మారుగా పడవలు కనిపిస్తాయి. ఆ నగరంలో నీటి ఒడ్డున పియెటా అనే శరణాలయం ఉండేది. దానిని 1346లో ఒక క్రైస్తవ సన్న్యాసి స్థాపించాడు. ఆ భవనపు గోడలో ఒక గూడు ఉండేది. పెంచే దారి లేని తల్లులు పసికందులను ఆ గూటిలో ఉంచి, మొగం చాటుచేసుకొని వెళ్లిపోయేవారు. అలా చేరిన మగపిల్లలు ఏదో ఒక చేతిపని నేర్చుకొని బయటి లోకంలోకి వెళ్లేవారు. ఆడపిల్లల్లో అనేకులకు జీవితాంతం ఆ గోడలే లోకం. వారిలో నాదజ్ఞానం గలవారిని ఎన్నిక చేసి సంగీతం నేర్పించేవారు. పేరుకు ముందు ఇంటిపేరు లేని ఆ బాలికలకు వాద్యమే ఇంటిపేరయింది. వీణ శేషన్న, వీణ ధనమ్మాళ్ అని మనం గౌరవంగా అంటాము కదా! అక్కడ ‘వయొలిన్ అన్నా మరియా’ అన్న పేరు వెనుక గౌరవంతోపాటు ఒక లోటు కూడా ఉంది.

1703లో ఈ బాలికలకు వయొలిన్ నేర్పడానికి ఇరవై అయిదేండ్ల యువకుడు ఉద్యోగంలో చేరాడు. అతడే ఆంటోనియో వివాల్డి. అతడు 1678 మార్చి 4న వెనిస్‌లోనే జన్మించాడు. తండ్రి జొవాన్ని బత్తిస్తా మొదట మంగలిపని చేసి, తరువాత సెయింట్ మార్క్ దేవాలయపు వాద్యబృందంలో వయొలిన్ విద్వాంసుడయ్యాడు. కుమారునికి తొలి గురువు ఆయనే. వివాల్డి మతవిద్యను అభ్యసించి, 1703 మార్చిలో పురోహితుడుగా దీక్ష తీసుకొన్నాడు. తలవెంట్రుకలు ఎర్రనివి కావడంతో జనం అతనిని ‘ఎర్ర పూజారి’ అని పిలిచేవారు. పుట్టుకతో వచ్చిన ఛాతీజబ్బు కారణం చూపి కొద్దికాలానికే పూజాకార్యం మానుకొన్నాడు. వయొలిన్‌ను మాత్రం మానలేదు.

ఆ ఉద్యోగానికి జీతం ఏడాదికి 60 డ్యూకట్లు. పాఠం చెప్పడమే కాక, శరణాలయానికి కావలసిన వాద్యాలను, తీగలను కొని తేవడం కూడా అతని పనుల్లో చేరింది.

వయొలిన్ నేర్పడంలోని కష్టాన్ని ఇక్కడ కొంత తెలుసుకోవాలి. వీణకు మెట్లు ఉన్నాయి, వయొలిన్‌కు లేవు. వేలు ఎక్కడ నిలపాలో చెవి చెప్పాలి. పాశ్చాత్యులు తొలి అభ్యాసాల్లో నేర్పే స్వరక్రమం మేజర్ స్కేలు. దాని స్వరస్థానాలు మన శంకరాభరణానివే. ఆ పేరుగల చలనచిత్రం వలన ఈ మాట మీకు పరిచితమే. మన బాలురు మాయామాళవగౌళతో సరళీస్వరాలు ప్రారంభిస్తే, అక్కడి బాలలు శంకరాభరణపు మెట్లు ఎక్కుతారన్నమాట. వయొలిన్‌కు గల జి, డి, ఎ, ఇ అనే నాలుగు తీగల్లో ప్రతి తీగా తన కింది తీగకు పంచమం. డి తీగను వేలు ఆనించకుండా మీటితే షడ్జం. మొదటి వేలితో రిషభం, రెండవ వేలితో గాంధారం, మూడవ వేలితో మధ్యమం పలుకుతాయి. రెండవ, మూడవ వేళ్లు ఒకదానినొకటి తాకుతూ ఉండాలి. పై తీగకు వెళ్లి అదే వేళ్లను అదే అమరికలో ఉంచితే ప, ద, ని, పై షడ్జం వస్తాయి. శంకరాభరణపు పూర్వార్ధమూ ఉత్తరార్ధమూ అంతరాలలో కవలలు కనుక ఇది సాధ్యమయింది. ఈ ఒక్క అమరికతో పక్కపక్కనున్న ఏ రెండు తీగల మీదనైనా ఒక మేజర్ స్కేలు పలికించవచ్చు.

వినడానికి సులువే. కాని పదిమంది పిల్లలు ఏకకాలంలో వాయించేటప్పుడు ఒకరి రెండవ వేలు రవ్వంత కిందికి జారితే అంతర గాంధారం సాధారణ గాంధారం వైపు ఒరుగుతుంది. బృందమంతా అపశ్రుతి పలికినట్లే వినిపిస్తుంది. బృందవాద్యాలను నేర్పే ఏ గురువుకైనా ఈ ఓపిక తప్పదు.

వివాల్డి ఆ బాలికల కోసం స్వయంగా కృతులు రచించాడు. కన్సర్టో అనే ఆ రచనల్లో స్వరక్రమాలు మెట్లు ఎక్కినట్లు, దిగినట్లు సాగుతాయి. ఒకే పలుకు ఒక్కొక్క స్వరం ఎత్తున మళ్లీ మళ్లీ వస్తుంది. ప్రతిభాశాలికి కఠినమైన ఏకవాద్యభాగం, బృందానికి అంతకంటె తేలికైన భాగం ఏర్పరచి అందరినీ ఒకే వేదికపై నిలిపాడు. అన్నా మరియా కోసం రెండు డజన్లకు పైగా కన్సర్టోలు వ్రాశాడు. ఆమె కూడా ఆ శరణాలయంలో పెరిగిన బిడ్డయే. బాలికలు చర్చిలో ఎత్తైన మేడమీద, లోహపు జాలీల వెనుక నిలిచి వాయించేవారు. దూరదేశాలవారు వచ్చి, ముఖాలు కనబడని ఆ సంగీతాన్ని విని వెళ్లేవారు.

అయినా గురువు ఉద్యోగం ఏటేటా పాలకమండలి ఓటు మీద వ్రేలాడేది. 1709లో ఏడుగురు కాదన్నారు, ఆరుగురు అవునన్నారు. ఒక్క ఓటుతో వివాల్డి ఉద్యోగం పోయింది. 1711లో అదే మండలి ఏకగ్రీవంగా తిరిగి పిలిచింది. మన కవులకు రాజుగారి చిత్తం ఎటువంటిదో, అతనికి ఆ ఓటు అటువంటిది. ఆ ఏడాదే ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన పన్నెండు కన్సర్టోలు ఐరోపా అంతటా వ్యాపించాయి. జర్మనీలో బాఖ్ వాటిలో కొన్నింటిని కీబోర్డు వాద్యాలకు అనువుగా మార్చి వ్రాసుకొన్నాడు. 1725లో ‘నాలుగు ఋతువులు’ వెలువడింది. వివాల్డి ఒపెరాల పని మీద ఊళ్లు తిరుగుతున్న కాలంలో కూడా, 1723లో చేసుకొన్న ఒప్పందం మేరకు, శరణాలయానికి నెలకు రెండు కన్సర్టోలు సమకూర్చవలసి ఉండేది.

1738లో ఆ కొలువు ముగిసింది. వెనిస్ అభిరుచి మారిపోయింది. 1740లో తన కృతులు కొన్నింటిని స్వల్పమూల్యానికి పియెటాకే విక్రయించి, వియన్నా చేరాడు. ఆరవ చార్లెస్ చక్రవర్తి అదే ఏడాది అక్టోబరులో మరణించాడు. 1741 జూలై 28న వివాల్డి పేదరికంలో కన్నుమూశాడు. ఒక ఆసుపత్రికి చెందిన శ్మశానంలో నిరాడంబరంగా ఖననం చేశారు. అన్నా మరియా మాత్రం తాను పెరిగిన చోటనే గురువై, 1782 వరకు జీవించింది.

తరువాత దాదాపు రెండు వందల ఏండ్ల పాటు అతని వ్రాతప్రతుల్లో అధికభాగం ఎవరి కంటా పడలేదు. 1926లో ఇటలీలోని ఒక మఠం తన వద్దనున్న పాత గ్రంథాలను అమ్మదలచి, వాటి వెల కట్టించుకోవడానికి టూరిన్ నగరపు జాతీయ గ్రంథాలయానికి పంపింది. వాటిలో వివాల్డి కృతుల సంపుటాలు పధ్నాలుగు బయటపడ్డాయి. మిగిలిన భాగం ఒక ప్రభువంశీయుల ఇంట దొరికింది. కొనడానికి గ్రంథాలయం వద్ద ధనం లేదు. చిన్నతనంలోనే కుమారులను పోగొట్టుకొన్న ఇద్దరు తండ్రులు, ఒకరి తరువాత ఒకరు, ఆ రెండు భాగాలను కొని దానం చేశారు. టూరిన్‌లో ఆ సంపుటాలు నేటికీ మౌరో ఫోవా, రెంజో జోర్డానో అనే ఆ ఇద్దరు పిల్లల పేర్లతోనే ఉన్నాయి.