పరిపాలనను విద్యగా ఎంచిన దివాన్: మొదటి సాలార్‌జంగ్

ప్రభుత్వ పాలనాశాస్త్రంలో ఎం.ఏ. చేయదలచిన విద్యార్థులు తరచుగా మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతూ ఉంటారు. పరిపాలన అనేది అధికారం చేతికి వచ్చిన పిదప అనుభవంతో అలవడేదే కదా, దానిని తరగతి గదిలో నేర్చుకొనవలసిన అవసరమేమిటని వారి సందేహం. దీనికి సమాధానం మన హైదరాబాదు చరిత్రలోనే లభిస్తుంది. మొదటి సాలార్‌జంగ్‌గా ప్రసిద్ధి చెందిన మీర్ తురాబ్ అలీ ఖాన్ జీవితాన్ని ఆ దృష్టితో పరిశీలించడమే మా ఉద్దేశం.

ఆయన 1829 జనవరి 21న జన్మించారు. మీర్ ఆలం, మునీరుల్‌ముల్క్ వంటి దివానులను నిజాం సర్కారుకు అందించిన వంశం ఆయనది. బాల్యంలోనే తండ్రిని కోల్పోగా, పినతండ్రి సిరాజుల్‌ముల్క్ సంరక్షణలో పెరిగారు. అరబ్బీ, పార్శీ భాషలతో పాటు ఆంగ్లం కూడా అభ్యసించారు. అయితే పాలనలో ఆయనకు తొలి పాఠశాల ఖమ్మం. ఇరవై ఏండ్లయినా నిండకముందే అక్కడ తాలూక్‌దారుగా నియుక్తులై, శిస్తు వ్యవహారాలను దగ్గరగా చూశారు.

1853లో సిరాజుల్‌ముల్క్ మరణించగా, ఇరవైనాలుగేండ్ల ప్రాయంలో దివాన్ పదవి ఆయనను వరించింది. ఆనాటి రాజ్యస్థితి మిక్కిలి శోచనీయం. కంటింజెంటు సైన్యపు ఖర్చుల నిమిత్తం బేరారు, రాయచూరు అంతర్వేది, ధారాశివ ప్రాంతాలు ఆ సంవత్సరమే కంపెనీ అధీనంలోకి పోయాయి. తాలూకాలు గుత్తకు ఇవ్వబడేవి. గుత్తదారు తన వాటా మిగుల్చుకొని తక్కినది ఖజానాకు చెల్లించేవాడు. అప్పులిచ్చిన సాహుకార్ల చేతిలోను, అరబ్బు జమాదార్ల చేతిలోను అనేక భూములు తాకట్టులో ఉండేవి. ఈ భారమంతా చివరకు రైతు భుజాలపైనే పడేది.

సాలార్‌జంగ్ ఈ దురవస్థకు మూలాన్ని గుర్తించారు. వసూలులో వాటా పొందేవాడు వసూలు గురించే ఆలోచిస్తాడు. నిర్ణీతమైన జీతం పొందేవాడిని మాత్రమే విధి గురించి ప్రశ్నించడానికి వీలవుతుంది. అందువల్ల ఆయన గుత్త తాలూక్‌దారులను క్రమంగా తొలగించి, జీతగాండ్రైన ఉద్యోగులను నియమించారు. తాకట్టు భూములను విడిపించారు. వేర్వేరు టంకశాలల నాణేల గందరగోళాన్ని తొలగించడానికి హాలీ సిక్కాను నెలకొల్పారు. 1864లో రెవెన్యూ బోర్డు ఏర్పడింది. 1865లో జిలాబందీ అమలులోకి వచ్చి, జిల్లాకు తాలూక్‌దారులు, తాలూకాకు తహసీల్‌దారు అనే అంచెల వ్యవస్థ రూపొందింది. 1868లో న్యాయం, రెవెన్యూ, పోలీసు, ఇతర శాఖలకు నలుగురు సదర్ ఉల్ మహాములు నియమింపబడ్డారు. నేడు మనం జిల్లా పాలన అని పిలిచేదానికి ఈ ప్రాంతంలో పునాది పడింది అప్పుడే.

వ్యవస్థను నిర్మించినంత మాత్రాన చాలదు, దానిని నడిపించే మనుషులు కావాలి. ఇందుకోసం ఆయన దారుల్ ఉలూమ్ విద్యాలయాన్ని స్థాపించారు. అది ఫలితాలివ్వడానికి కాలం పట్టునని ఎరిగి, ఉత్తర హిందుస్థానం నుండి సయ్యద్ మెహదీ అలీ, ముష్తాక్ హుసేన్, చిరాగ్ అలీ, సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ వంటి విద్వాంసులను రప్పించారు.

ఈ మార్గం ఆయనకు సుగమం కాలేదు. 1859లోను, 1868లోను ఆయనపై హత్యాప్రయత్నాలు జరిగాయి. 1857లో ఆయన బ్రిటిష్ వారి పక్షాన నిలిచారు. రెసిడెన్సీపై దాడి చేసిన తుర్రేబాజ్ ఖాన్‌ను నేడు మనం వీరునిగా స్మరిస్తున్నాము. ఈ వైరుధ్యాన్ని కప్పిపుచ్చడం చరిత్రకు న్యాయం కాదు. అంత సహాయం చేసినా, 1860లో రాయచూరు, ధారాశివ ప్రాంతాలు తిరిగి లభించాయే గాని బేరారు లభించలేదు. 1876లో ఇంగ్లండు వెళ్ళినప్పుడు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ పట్టంతో సత్కరించింది, కాని బేరారు విషయమై ఆయన కోరిక మాత్రం నెరవేరలేదు. 1883 ఫిబ్రవరి 8న కలరా సోకి ఆయన హఠాత్తుగా కన్నుమూశారు.

ఆయన కృషిలో మరొక లోపం కూడ గమనింపదగినది. స్థానికంగా చదువు విస్తరించకముందే పాలనాయంత్రం పెరిగినందున, ఉన్నతోద్యోగాలు బయటివారికి దక్కాయి. ముల్కీ, గైర్‌ముల్కీ వివాదానికి బీజాలు పడింది ఇక్కడే. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలిసేవరకు ఈ రాజ్యంలోని యువకులకు స్వదేశంలో విశ్వవిద్యాలయమే లేకపోయింది.

సాలార్‌జంగ్ మరణించిన నాలుగేండ్లకు, 1887లో, అమెరికాలో ఉడ్రో విల్సన్ పాలనను ప్రత్యేకశాస్త్రంగా అధ్యయనం చేయవలెనని ప్రతిపాదిస్తూ వ్యాసం ప్రకటించారు. మన దేశంలో 1954లో భారత ప్రభుత్వ పాలనా సంస్థ ఢిల్లీలో ఏర్పడింది. మన దివాన్ ఏ గ్రంథమూ చదవకుండానే ఆ శాస్త్రంలోని ప్రధానసూత్రాలను ఆచరణలో పెట్టారు. వంశం వల్ల పదవి పొందినా, వంశమే అర్హత అని ఆయన భావించలేదు.

విద్యార్థులారా! నేడు సర్కారు కొలువులే గాక, స్వచ్ఛంద సేవాసంస్థలు కూడ లెక్కలు, నియమాలు, జవాబుదారీ ఎరిగిన పాలకుల కోసం ఎదురుచూస్తున్నాయి. చదువు లేనిచోట కుర్చీ ఇతరులదవుతుంది. చదివినవాడు విధిని మరచినచోట గుత్తదారు మళ్ళీ పుడతాడు. ఈ రెండు పాఠాలనూ గుర్తుంచుకొని ఈ విద్యలో ప్రవేశించండని మా మనవి.