వేళ్లు ముడుచుకుపోయినా కుంచె వదలని రెన్వార్

పొద్దున లేవగానే చేతివేళ్లు బిగుసుకుపోతాయి. చాయ్ కప్పు పట్టుకోవాలన్నా గంటసేపు ఆగాలి. కీళ్ల నొప్పి ఏదైనా సరే ఇళ్లల్లో గఠియా అనేస్తారు గానీ, అందులో రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనేది వేరే లెక్క. వయసుతో మోకాలు అరగడం లాంటిది కాదిది. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే తిరగబడి కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. దాడి అక్కడితో ఆగదు కూడా. ఈ జబ్బు ఒక మనిషిని తల నుంచి కాలి దాకా ఎలా పట్టుకుంటుందో తెలియాలంటే ఫ్రాన్స్ చిత్రకారుడు పియేర్ ఒగుస్త్ రెన్వార్ జీవితం చూడాలి.

ఆయన 1841లో లిమోజ్ ఊళ్లో పుట్టారు. తండ్రి దర్జీ. కుటుంబం పారిస్‌కు వచ్చేసింది. పదమూడేళ్లకే పింగాణీ పాత్రల మీద పూలు వేసే పనికి కుదిరారు. మిషన్లొచ్చి ఆ పని పోయింది. తర్వాత బొమ్మలు నేర్చుకుని, మోనే లాంటి స్నేహితులతో కలిసి 1874లో పెట్టిన ప్రదర్శన నుంచే ఇంప్రెషనిజం అనే పేరు పుట్టింది. 1881లో అల్జీరియా వెళ్లి అక్కడి జనం పండగను గీశారు. మసీదు అనే పేరుతోనూ పిలిచే ఆ బొమ్మను తర్వాత మోనేయే కొనుక్కున్నారు. మరుసటి ఏడాది న్యుమోనియా వస్తే కోలుకోవడానికి మళ్లీ అల్జీర్స్‌కే వెళ్లారు.

యాభై దాటాక, 1892 ప్రాంతంలో కీళ్ల నొప్పులు మొదలయ్యాయి. 1897లో ఎస్వా అనే పల్లెలో సైకిల్ మీంచి పడి కుడిచెయ్యి విరిగింది. జబ్బుకు ఆ దెబ్బే కారణమని ఇంట్లోవాళ్లు చాలాకాలం నమ్మారు. ఇక్కడ కూడా అంతే కదా, ఎప్పుడో జారిపడ్డానని, చల్లనీళ్లలో నానానని చెప్పేవాళ్లు ఎంతమంది! నిజానికి జబ్బు అప్పటికే లోపల పని మొదలుపెట్టింది.

1900 తర్వాత పరిస్థితి గబగబా దిగజారింది. కుడిభుజం కదలకుండా బిగుసుకుపోయింది. వేళ్లను చాపే నరాల్లాంటి తంతులు తెగిపోయి, వేళ్లు అరచేతిలోకి ముడుచుకున్నాయి. కీళ్లు సరే, మిగతా ఒళ్లు? చర్మం కింద గడ్డలు లేచాయి. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వాపు వచ్చింది. ముఖానికి పక్షవాతం వచ్చింది, కంటికి ఇబ్బంది వచ్చింది. మనిషి చిక్కి ఎముకల గూడు అయ్యాడు. ఎముకలు గుచ్చుకుని కూర్చోవడమే కష్టమయ్యేది. ఆ కాలంలో రక్తపరీక్ష లేదు, ఆయన ఎక్స్‌రేలూ దొరకలేదు. 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నెదర్లాండ్స్, బెల్జియం డాక్టర్లు ఆయన ఫొటోలు, ఉత్తరాలు పట్టుకుని ఈ లక్షణాలన్నీ ఒకచోట చేర్చారు. విడివిడిగా చూస్తే నాలుగైదు జబ్బుల్లా ఉంటాయి. కలిపి చూస్తే మూలం ఒకటే.

ఆయనకు దొరికిన వైద్యం ఏమిటంటే నొప్పి మాత్రలు, విరేచనాల మందులు, వేడినీటి బుగ్గల్లో స్నానాలు. కార్టిజోన్‌ను ఈ జబ్బు మీద తొలిసారి వాడింది 1948లో. ఈ రోజు ఎక్కువమందికి డాక్టర్లు ముందుగా రాసే మెథోట్రెక్సేట్ వెనక ఒక తెలుగువాడున్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో అది క్యాన్సర్ కోసం తయారైంది. ఈ జబ్బుకు అక్కడ అనుమతి వచ్చింది మాత్రం 1988లో, సుబ్బారావు పోయిన నలభై ఏళ్లకు. దాన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు, ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

రెన్వార్‌కు ఇవేవీ అందలేదు. 1907లో వెచ్చటి గాలి కోసం దక్షిణాన కాన్య్ ఊళ్లో ఆలివ్ చెట్ల తోట కొని అక్కడే ఇల్లు కట్టుకున్నారు. బంతులు ఎగరేసి పట్టుకుంటూ చేతులకు కసరత్తు చేశారు. అది కుదరకపోయాక వేరే ఆటలు. 1912 నుంచి చక్రాల కుర్చీయే గతి. అప్పట్లో ఒక డాక్టర్ ఆయన్ని లేపి నాలుగడుగులు వేయించాడట. వేశాక రెన్వార్ కుర్చీలో కూర్చుని, నడవడానికి ఉన్న శక్తంతా అయిపోతోంది, బొమ్మ వేయడానికి ఏమీ మిగలదని నడక మానుకున్నారని కొడుకు జాన్ తన పుస్తకంలో రాశాడు. సినిమా దర్శకుడైన ఆ జాన్ రెన్వారే తర్వాత బెంగాల్ వచ్చి ది రివర్ తీసింది.

కుంచెను చేతికి కట్టుకునేవారని ఒక కథ బాగా తిరుగుతుంది. అది సరి కాదు. చేతులకు గుడ్డ చుట్టింది గోళ్లు, కుంచె కాడ గుచ్చుకుని అరచేతి చర్మం పుండవ్వకుండా. కుంచెను పక్కవాళ్లు వేళ్ల మధ్య పెడితే, పట్టుకుని గీసింది ఆయనే. 1915లో సాషా గిత్రీ తీసిన చిన్న సినిమాలో ఇది కళ్లారా చూడొచ్చు. పెద్ద బొమ్మ వేయాలంటే చెయ్యి పైకి లేవదు కాబట్టి, క్యాన్వాస్‌ను రోలర్లకు చుట్టి తిప్పే ఏర్పాటు చేయించుకున్నారు. శిల్పాలు చేయాలనిపిస్తే రిషార్ గ్వినో అనే కుర్రాడి చేతులతో చేయించారు. ఫొటోల్లో మాత్రం నోట్లో సిగరెట్ కనిపిస్తూనే ఉంటుంది. పొగ ఈ జబ్బుకు ఎంత చెడ్డదో అప్పటికి ఎవరికీ తెలీదు.

ఇంట్లో కష్టాలూ తక్కువేం కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో పెద్ద కొడుకులిద్దరూ గాయపడ్డారు. షుగర్ జబ్బున్న భార్య ఆలీన్ 1915లో పోయారు. ఆ తర్వాత కూడా రోజూ పొద్దున్నే కుర్చీని స్టూడియోలోకి తోయించుకునేవారు. చివరి పెద్ద బొమ్మ, స్నానం చేసే స్త్రీలది, 1918-19లో వేసిందే. 1919లో లూవ్ర్ మ్యూజియంలో తన బొమ్మ ఒకటి పెడితే, కుర్చీలో మోసుకెళ్లి చూపించారు.

అదే ఏడాది డిసెంబర్ 3న, 78 ఏళ్ల వయసులో, కాన్య్ ఇంట్లో న్యుమోనియాతో కన్నుమూశారు. ఎస్వా పల్లెలోని శ్మశానంలో ఆయన సమాధి ఉంది. కాన్య్ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. స్టూడియోలో ఆయన ఈజిల్ ముందు ఆ చక్రాల కుర్చీని అలాగే ఉంచారు.