నూన్ చుక్కలు

పోయిన ఎండాకాలం మా తాత తాటిచెట్టు మీదుండగా కందిరీగలు కుట్టాయి. మాది సిద్దిపేట దగ్గర ఊరు, తాతది కల్లుగీత. ఇంతకుముందు ఎన్నిసార్లు కుట్టినా సున్నం రాసుకుని మళ్ళీ మోకు పట్టిన మనిషే. ఈసారి మాత్రం ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరాడలేదు. ఆటోలో హాస్పిటల్‌కి తీసుకెళ్తే అడ్రినలిన్ సూది వేసి బతికించారు. అది అలర్జీ అని, మళ్ళీ కుడితే ప్రాణం మీదికి రావచ్చని చెప్పారు. ఇంటికొచ్చాక తాత నన్ను అడిగింది ఒక్కటే, దీనికి గోలీ ఏమన్నా ఉందా అని. కంప్యూటర్ సైన్స్ మనవడికి అన్నీ తెలుసని ఆయన నమ్మకం. వెతుకుతుంటే లియొనార్డ్ నూన్ దొరికాడు. అలర్జీ డాక్టర్లందరికీ తెలిసిన పేరేనట, నాకే కొత్త.

నూన్ 1877లో పుట్టాడు. లండన్ సెయింట్ మేరీస్ హాస్పిటల్లో ఆల్మ్రాత్ రైట్ దగ్గర పనిచేశాడు. టైఫాయిడ్ టీకా మీద పనిచేసిన రైట్ ఈయనే. తర్వాత పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ కూడా అదే డిపార్ట్‌మెంట్. నూన్ ఎంచుకున్నది హే ఫీవర్. గడ్డి పూతకొచ్చే కాలంలో ఆగని తుమ్ములు, కళ్ళ దురద. వానాకాలం అయ్యాక వయ్యారిభామ పక్కన నడిచి తుమ్మినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. దీనికి కారణం పుప్పొడేనని మాంచెస్టర్ డాక్టర్ చార్లెస్ బ్లాక్లీ 1873కే తేల్చాడు, అదీ తన మీదే ప్రయోగాలు చేసుకుని.

పుప్పొడిలో ఏదో విషం ఉందని, కొద్దికొద్దిగా ఎక్కిస్తే టీకాలాగా ఒంటికి అలవాటవుతుందని నూన్ అనుకున్నాడు. విషం అన్నది తప్పు. అసలు తేడా మన రోగనిరోధక వ్యవస్థలో ఉంది, హాని చేయని దాన్ని శత్రువనుకుంటుంది. కానీ చేసిన పని మాత్రం కరెక్టు. తిమోతి అనే గడ్డి పుప్పొడి నుంచి సారం తీశాడు, సోదరి డొరతీ సాయం చేసింది. పేషెంట్లకి ముందు చిన్న మోతాదు సూది, తర్వాత కొంచెం కొంచెం పెంచడం.

నాకు బాగా నచ్చింది ఆయన కొలిచిన పద్ధతి. పలచటి సారం ఒక చుక్క కంట్లో వేస్తాడు. ఎర్రబడకపోతే ఇంకొంచెం చిక్కటిది. ఎంత పలచటి చుక్కకి కన్ను ఎర్రబడితే అంత అలర్జీ. సూదులు వేసుకుంటూ పోతే అదే కన్ను ఎర్రబడడానికి ఇంకా చిక్కటి చుక్క కావాల్సొచ్చింది. మోతాదు ఎక్కువైనా, మరీ వెంటవెంటనే వేసినా అలర్జీ తగ్గకపోగా పెరుగుతుందని కూడా గమనించాడు. 1911 జూన్‌లో ఇదంతా లాన్సెట్ పత్రికలో వచ్చింది.

అప్పటికి ఆయనకి ఇంకా ఏడాదిన్నరే మిగిలింది. 1913 జనవరిలో క్షయతో పోయాడు, 35 ఏళ్ళకి. టీకాల మీదే నడిచే డిపార్ట్‌మెంట్‌లో పనిచేసిన మనిషి! పనిని జాన్ ఫ్రీమన్ కొనసాగించాడు.

సూది గోలీ అవడానికి దాదాపు వందేళ్ళు పట్టింది. 2006లో యూరప్‌లో గ్రాజాక్స్ అనే మాత్రకి అనుమతి వచ్చింది. రోజూ ఒకటి నాలుక కింద పెట్టుకోవాలి, మామూలుగా మూడేళ్ళు. మొదటిది డాక్టర్ ముందే వేసుకోవాలి. అందులో ఉన్నది ఏ గడ్డి అనుకున్నారు? నూన్ వాడిన తిమోతీయే. మన వయ్యారిభామ కాదు.

ఇక తాత కందిరీగలు. కుట్టే పురుగుల అలర్జీకి చాలా ఏళ్ళు పురుగుని మొత్తంగా నూరి తీసిన సారమే సూదిగా వేసేవారు. 1978లో అమెరికాలో పోల్చి చూస్తే అది ఉత్త సూది కంటే మెరుగేం కాదని, విషం ఒక్కటే తీసి వేస్తే పనిచేస్తుందని తేలింది. ఇప్పటికీ దానికి సూదే. గోలీ రాలేదు.

తాతకి ఇదంతా చెప్పాను. సూదుల కోర్సు మూడు నుంచి ఐదేళ్ళంటే వేళ్ళ మీద లెక్కేసుకుని, అప్పటికి డెబ్బై దాటుతాయన్నాడు. మోకు ఇంకా గోడకే ఉంది. వచ్చే నెల హైదరాబాద్‌లో అలర్జీ డాక్టర్‌కి చూపించాలి, ఆ రోజు నాకు ల్యాబ్ ఉన్నా సరే.