ఫ్రెడరిక్ లిస్టు: సుంకపు గోడకు గడువు

విదేశపు సరకును అడ్డులేక దేశములోనికి రానీయవలెనా, సుంకము వేసి నిలుపవలెనా అను వాదము పుట్టినప్పుడెల్ల ఒక జర్మను పండితుని పేరు వినవచ్చుచుండును. స్వేచ్ఛావాణిజ్యమును మెచ్చువారు ఆతనిని శత్రువుగా నెంచుదురు; రక్షణసుంకములు కోరువారు గురువుగా పూజింతురు. ఇరుపక్షములవారును ఆతని జీవితమును సాంతముగ తెలిసికొనినచో కొంత తగ్గి మాటలాడుదురని మా తలంపు.

ఫ్రెడరిక్ లిస్టు 1789వ సంవత్సరమున దక్షిణ జర్మనీయందలి రాయిట్లింగెన్ పట్టణమున తోళ్లు పదునుచేయు వర్తకుని యింట జన్మించెను. తండ్రి వృత్తి రుచింపక, సర్కారు కచేరిలో గుమాస్తాగా చేరి, స్వయంకృషిచే పైకి వచ్చి, 1817లో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. నాటి జర్మనీ ఒక దేశము కాదు. ముప్పది తొమ్మిది రాజ్యముల కూటమి. హాంబర్గు నుండి ఆస్ట్రియాకు మూట పంపదలచిన వర్తకుడు దారిలో పది రాజ్యములు దాటి పదిమారులు సుంకము చెల్లింపవలసి యుండెను. ఇంటిలోపల ఇన్ని గోడలున్నను వీధివాకిలి మాత్రము బార్లా తెరచియే యుండెను. నెపోలియను 1806లో ఇంగ్లీషు సరకులను ఐరోపాఖండమున నిషేధించినపుడు జర్మనీలో కొన్ని మిల్లులు తలయెత్తెను. 1815లో యుద్ధము ముగియగానే ఇంగ్లీషు సరకు చౌకగా వెల్లువవలె వచ్చిపడి వానిలో ననేకమును మూయించెను. ఆడం స్మిత్తు బోధించిన స్వేచ్ఛావాణిజ్యమునే మొదట నమ్మిన లిస్టు ఈ వినాశమును చూచి ఆలోచనలో పడెను.

1819లో ఆతడు ఫ్రాంక్‌ఫర్టు నగరమున వర్తకులను, పారిశ్రామికులను సంఘముగా కూర్చి, లోపలి సుంకములన్నియు తొలగించి వెలుపల ఒక్క సుంకమునే నిలుపవలెనని జర్మను సమాఖ్యసభకు విన్నపము వ్రాసెను. దొరతనమువారి యాగ్రహమునకు ఆచార్యపదవి బలియయ్యెను. 1820లో వుర్టెంబర్గు శాసనసభకు ఎన్నికై అధికారుల నిరంకుశత్వమును విమర్శింపగా, 1822లో పదినెలల దుర్గవాసము శిక్షగా విధించిరి. పరదేశములకు పారిపోయి, 1824లో తిరిగివచ్చి చెరలో పడెను. దేశము విడిచిపోవుట కొడంబడిన మీదట విడుదలయై, 1825లో భార్యాబిడ్డలతో అమెరికాకు ఓడ నెక్కెను.

పెన్సిల్వేనియాలో సేద్యము చేసి నష్టపడి, రెడింగు పట్టణమున జర్మను పత్రిక యొకదానికి సంపాదకుడయ్యెను. నూతన పరిశ్రమలకు ప్రభుత్వము ఆసరా యీయవలెనని అమెరికా ఆర్థికమంత్రి అలెగ్జాండరు హామిల్టను 1791లోనే నివేదించి యుండెను. ఆ బాటనే నడచి లిస్టు 1827లో తన సిద్ధాంతమును లేఖల రూపమున ప్రకటించెను. బొగ్గుగని, దానికొక రైలుమార్గము నెలకొల్పి కలిమి గడించెను. అయినను మనస్సు జన్మభూమియందే యుండెను.

అమెరికా రాయబారవర్గమున ఉద్యోగము సంపాదించి స్వదేశము చేరిన లిస్టు, జర్మనీకంతకును రైలుమార్గముల పథకమును 1833లో వెలువరించెను. 1834 జనవరి 1వ తేదీన ప్రష్యా నాయకత్వమున జర్మను సుంకసమ్మేళనము ఏర్పడెను. దానిని కట్టినవారు ప్రష్యా అధికారులే. విత్తనము చల్లినవారిలో మాత్రము లిస్టు ఒకడు. 1841లో ఆతని మహాగ్రంథము, జాతీయార్థశాస్త్రపద్ధతి, వెలువడెను.

అందలి సారమిది. సరకు చౌకగా దొరకుట యొక్కటే సంపద కాదు. సరకును చేయగల శక్తి అంతకన్న మిన్న. ఇంగ్లండు భారతదేశపు నూలు, పట్టుబట్టలను తన గడపలోనికి రానీయక, తన మగ్గములను పెంచుకొని, ఎత్తెక్కిన పిమ్మట నిచ్చెనను తన్నివేసి ఇతరులకు స్వేచ్ఛావాణిజ్యము బోధించుచున్నదని ఆతడు ఆక్షేపించెను. కాని ఆతని శిష్యులు తరచు మరచునవి ఆతడు పెట్టిన నియమములే. ధాన్యముపై సుంకము కూడదు. మొదట నూటికి 40 మొదలు 60 వరకు రక్షణ యిచ్చినను నిలువలేనిది, పిదప 20 మొదలు 30 వరకు గల రక్షణతో మనలేనిది, పరిశ్రమగా నుండుటకే తగదు. జాతులన్నియు సమబలము పొందిననాడు స్వేచ్ఛావాణిజ్యమే గమ్యము.

ఈ పండితుని జీవితాంతము శోచనీయము. పుత్రవియోగము, అనారోగ్యము, ధనలేమి క్రుంగదీయగా, 1846 నవంబరు 30వ తేదీన ఆల్ప్సు పర్వతములలోని కుఫ్‌స్టైన్ చెంత తన చేతితోనే ప్రాణము తీసికొనెను. ఇంగ్లండు ధాన్యసుంకముల రద్దునకు చట్టము చేసినదియు ఆ యేడే.

మనకు ఆతనితో గల సంబంధము చిత్రమైనది. ఉష్ణదేశములు ముడిసరకు పండించి, శీతదేశములు చేసిన వస్తువులు కొనుటయే ప్రకృతిధర్మమని లిస్టు వ్రాసెను. తనవారికి నిచ్చెన కోరినవాడే మనకు నిచ్చెన అక్కరలేదనెను! అయినను మహాదేవ గోవింద రానడే 1892లో పూనా దక్కను కళాశాలలో భారతీయార్థశాస్త్రముపై ఉపన్యసించుచు ఆ పద్ధతినే మనకు అన్వయించి, ఆ వర్ణభేదమును త్రోసిపుచ్చెను. శాసించు చేయి పరాయిదైనప్పుడు సుంకమేమగునో 1896లో తెలియవచ్చెను. లాంకషైరు మిల్లుల కొరకై, దేశపు మిల్లుబట్టపై నూటికి 3½ వంతున విధించిన ఎక్సైజు పన్ను 1926 వరకు తొలగలేదు.

1947 తరువాత శాసించు చేయి మనదే యయ్యెను. గోడ కట్టుకొంటిమి, ఉక్కు, యంత్రములు, మందులు చేయ నేర్చితిమి. ఆ లాభము కాదనరానిది. కాని గడువు పెట్టుట మరచితిమి. 1990 నాటికి కొన్ని సరకులపై సుంకము సరకు వెలనే మించెను. పోటీ లేని మిల్లు నాణ్యము మరచెను. ఆ వెలను రైతును, పట్టణపు సంసారియు చెల్లించిరి. 1991లో విదేశమారకము అడుగంటగా గోడ తగ్గింపక తప్పలేదు.

రక్షణ కోరు పరిశ్రమను మనము అడుగవలసిన ప్రశ్న లిస్టు జీవితమునుండియే లభించుచున్నది: నీవు ఎన్నటికి నీ కాళ్లపై నిలుతువు? దీనికి తేదీతో బదులీయగలవానికి ప్రజలు కొంతకాలము ఎక్కువ వెల యిచ్చుట న్యాయము. బదులు లేనివానికి ఇచ్చు ప్రతి రూపాయియు దానమే గాని పెట్టుబడి కాదు.