హగ్గయి

హగ్గయి క్రీ.పూ. 6వ శతాబ్దానికి చెందిన హీబ్రూ ప్రవక్త. బైబిలు పాత నిబంధనలోని పన్నెండుగురు చిన్న ప్రవక్తలలో ఒకడు. రెండు అధ్యాయాల హగ్గయి గ్రంథం ఇతని పేరిట ఉన్నది.

నేపథ్యం

క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము దేవాలయాన్ని ధ్వంసం చేసి, యూదులను చెరగొనిపోయాడు. క్రీ.పూ. 538లో పారసీక చక్రవర్తి కోరెషు వారిని స్వదేశానికి పోనిచ్చాడు. తిరిగివచ్చినవారు దేవాలయానికి పునాది వేసినా, పొరుగువారి వ్యతిరేకత వలన పని నిలిచిపోయింది.

సందేశం

యూదయ కొండసీమ, డోన్ పరిసరాల వలెనే, వానను నమ్ముకున్న మెట్టభూమి. క్రీ.పూ. 520లో అక్కడ కరవు నెలకొన్నది. ప్రజలు తమ ఇళ్ళను చక్కబెట్టుకొని, దేవాలయాన్ని పాడుగా విడిచినందువలననే వానలు లేవని హగ్గయి బోధించాడు. సుమారు నాలుగు నెలలలో నాలుగు మార్లు ప్రవచించాడు. మొదటి ప్రవచనం తరువాత నెల తిరగకముందే అధిపతి జెరుబ్బాబెలు, ప్రధాన యాజకుడు యెహోషువ పని ప్రారంభించారు. సొలొమోను కట్టించిన పూర్వ దేవాలయంతో పోల్చి నిరుత్సాహపడినవారికి, రాబోయే వైభవం దానిని మించుతుందని ధైర్యం చెప్పాడు.

ఫలితం

దావీదు వంశీకుడైన జెరుబ్బాబెలును దేవుడు తన ముద్ర ఉంగరంగా చేసుకుంటాడని హగ్గయి ప్రకటించాడు. జెరుబ్బాబెలు రాజు కాలేదు. దేవాలయం మాత్రం క్రీ.పూ. 515లో పూర్తయినది. హేరోదు కాలంలో పునర్నిర్మితమై, క్రీ.శ. 70లో రోమనుల చేతిలో నాశనమయ్యే వరకు అది యూదుల ఆరాధనకు కేంద్రంగా నిలిచింది.